కల్లుగీత పదజాలము: ఉద్దానమున ఒక కనుమనాటి పరిశీలనము

మహాకావ్యమున ఉండదగిన వర్ణనములను పేర్కొనుచు దండి తన కావ్యాదర్శమున ఉద్యానవిహారమును, జలక్రీడను, మధుపానమును ఒక్క వరుసలో చేర్చెను. ఆ లక్షణమును మన ప్రబంధకవులు శిరసావహించిరి. వారి పానగోష్ఠులందు మధువు కలదు, చషకములు కలవు, త్రాగినవారి తడబాటు కలదు. అమరకోశమున సుర, హాల, పరిస్రుత, ప్రసన్న, కాదంబరి, మైరేయము, ఆసవము, సీధువు మున్నగు పేళ్లు లెక్కకు మిక్కిలిగ నున్నవి. మనవారు వానిని తత్సమములుగ వాడుకొనిరి. కాని ఆ మధువును తీసినవాడెవడు? ఏ చెట్టునుండి, ఏ పనిముట్టుతో, ఏ వేళ దానిని తీసెను? ఈ ప్రశ్నలకు కావ్యములందు సమాధానము దొరకుట అరుదు. త్రాగువాని పదములు గ్రంథములకెక్కినవి. తీయువాని పదములు నోటనే నిలిచిపోయినవి. మొదటివి ఎరువు సొమ్ము, రెండవవి అచ్చముగ మన సొమ్ము. ఎరువు సొమ్మును భద్రపరచుకొని సొంత సొమ్మును పోగొట్టుకొనుచున్నామనుటయే ఈ వ్యాసమున నేను నిరూపింపదలచిన విషయము. మద్యపానమును ప్రశంసించుట గాని గర్హించుట గాని నా ఉద్దేశము కాదు.

ఇందులకై గత సంక్రాంతికి శ్రీకాకుళము జిల్లా ఉద్దాన ప్రాంతమునకు పోయి, కనుమనాటి పగలంతయు ఒక గీతకాని వెంట గడపితిని. ఆనాటి పరిశీలనమునే ఇచట క్రమముగ నివేదించుచున్నాను. ఒకనాటి సంచారము పరిశోధనమగునా యని కొందరు శంకింపవచ్చును. వల్లభరాయని క్రీడాభిరామము ఓరుగంటియందు ఇరువురు మిత్రులు గడపిన ఒక్కనాటి సంచారమే కదా! సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ఆ గ్రంథము ఎంతగ తోడ్పడినదో విజ్ఞులెరుగుదురు.

ఉద్దానము

టెక్కలి దాటి పలాస మీదుగా ఇచ్ఛాపురము వైపు పోవునపుడు, రైలుమార్గమునకును సముద్రమునకును నడుమ వ్యాపించిన కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల సీమ ఉద్దానము. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి మండలములు ఇందు ముఖ్యములు. ఉద్యాన శబ్దమునుండి ఈ పేరు వచ్చినదని సర్వసమ్మతము. ప్రాకృతమున ఉద్యానము ఉజ్జాణమైనది. ఇచట జకారము లేక దకారద్విత్వము నిలిచినది. కావున ఈ రూపము ప్రాకృతము ద్వారా వచ్చినది కాక, జనుల నాలుకపై తత్సమమే మెత్తబడి యేర్పడినదని నా తలంపు. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపాను ఈ తోటలకు అపారమైన నష్టము కలిగించినది. నేడు మరల మొక్కలు లేచుచున్నవి. పెద్దచెట్ల నీడ మాత్రము అనేకస్థలముల లేదు.

దండి చెప్పిన ఉద్యానమును మధుపానమును ఒక్కచోట చూచుటకు ఇంతకంటె తగిన తావు లేదనిపించి నేనీ సీమను ఎన్నుకొంటిని. కొబ్బరితోటల గట్లపై తాళ్లును, ఇసుకదిబ్బల ప్రక్క ఈదులును కలవు. పడమట మందస వైపు కొండలందు జీలుగు కలదు. ఒడియావారు దానిని సలప అందురు. ఆ కొండల సవరలకు జీలుగుకల్లు లేక పండుగ లేదు, పితృకార్యము లేదు.

కనుమనాడు కాకికూడ కదలదని సామెత. ఆ సామెతను మీరి నేను తెల్లవారకమునుపే టెక్కలిలో బయలుదేరితిని. త్రోవలో తేలినీలాపురపు చెట్లపై గూడబాతులు కాపురముండెను. ఏటేట వచ్చి ఇచట గూళ్లు కట్టుకొను ఆ పక్షులవలెనే, పలాస స్టేషనులో పెట్టెలు మోసికొని దిగుచున్న యువకులును పెద్దపండుగకు ఇంటికి చేరుచున్నవారే. ఒకడు గోవానుండి, ఒకడు చెన్నపట్టణమునుండి, ఒకడు గల్ఫు దేశమునుండి వచ్చుచుండెను. వారిలో గోవానుండి వచ్చినవాడు నేను పోవు పల్లెవాడే యగుట నా అదృష్టము. వాని ప్రసంగము తరువాత వచ్చును.

గీయుట

నా చేతిసంచిలో ఒక ప్రశ్నావళి యుండెను. 1885 నాటి శబ్దరత్నాకరమునుండియు, సూర్యరాయాంధ్ర నిఘంటువునుండియు ఏరి వ్రాసికొన్న పానసంబంధి పదములవి. అరువది దాటిన ఆ గీతకాడు తన ఇంటి అరుగుపై కూర్చుండి నేను చదివిన పదములన్నింటిని ఓపికతో వినెను. ఆసవము, సీధువు, మైరేయము అని నేను చదువుచుండగా ఆయన ముఖమున చిరునగవు తోచినది.

"ఇవేటి బావూ? పుస్తకం మాటలు. మా కున్నది ఒకటే మాట, గీత. గీస్తే కల్లు, గియ్యకపోతే మాను" అనెను.

నా ప్రశ్నావళి అంతటితో ముగిసినది. దానిని మడిచి సంచిలో పెట్టి, "అయితే పెద్దయ్యా, నీతో వచ్చి చూచెదను" అంటిని.

గీయు ధాతువునకు రేఖ నిర్మించుట యనియు, పైపొరను పలుచగ చెక్కుట యనియు అర్థములు కలవు. గీరు, గీకు అనునవి దీనికి చుట్టములు. కల్లుగీతలో రెండవ అర్థము ప్రధానము. పాటయను అర్థముగల సంస్కృత గీతశబ్దముతో దీనికి సంబంధము లేదు; "గీత కార్మికుడు" అనుమాట విన్న పట్టణపు విద్యార్థి యొకడు సినిమా పాటలు వ్రాయువాడని భ్రమపడిన సంగతి నేనెరుగుదును. కత్తి ఎంత పలుచగ నడచునో అంత మంచి గీత. లోతుగ కోసినచో ఊట నిలిచి చెట్టు చెడును. కావుననే కోయు, నరకు, చెక్కు మొదలగు ధాతువులను విడిచి భాష ఇచట గీయు ధాతువునే నిలుపుకొన్నది. ఒక్క ధాతువులో ఒక నేర్పు ఇమిడియున్నది.

తాటిని గీయు పద్ధతి వేరు, ఈతను గీయు పద్ధతి వేరు. తాడు స్త్రీపురుష భేదము కలది. పోతుతాడు, పెంటితాడు అని వ్యవహారము. రెంటియందును పూగెలలే కల్లునిచ్చునవి. గెలను మెల్లగ నొక్కి మెదిపి, కట్టి, కొనను దినమునకు రెండు మూడు మారులు పలుచగ గీసి, క్రింద కుండను కట్టుదురు. ఈదునకు గెలతో పనిలేదు. తలక్రింద మట్టలు తొలగించి, మెత్తని కాండమునే ఒకవైపు చెక్కి, ఊటను కుండలోనికి మరలింతురు. కొన్నినాళ్లు గీసి కొన్నినాళ్లు చెట్టునకు విశ్రాంతి నిత్తురు. ఈత శీతకాలపు చెట్టు, తాడు ఎండకాలపు చెట్టు. సంక్రాంతి ఈ రెండు ఋతువుల సంధి. నేను పోయిననాడు ఈతకల్లు నిండుగ నుండెను. తాటిగెలలు అప్పుడప్పుడే కత్తికి వచ్చుచుండెను.

వ్యాకరణదృష్టితో చూచినను ఈ చెట్ల పేళ్లు రుచికరములు. తాడు, ఈదు అను ప్రథమారూపములు మరుగుపడి, తాటి, ఈత అను రూపములే చెట్టు, కల్లు, ఆకు మొదలగు పదముల ముందు నిలిచినవి. గీతకాడు మాత్రము ఇప్పటికిని "తాడెక్కినాను" అనును. పాఠశాలలో ఔపవిభక్తికములకు ఉదాహరణము వెదకు ఉపాధ్యాయుడు ఆ మాటను ఒక్కసారి వినిన చాలును. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణభారతపు కులములు తెగలను గూర్చి వ్రాసిన గ్రంథమున గంజాము, విశాఖపట్టణము జిల్లాల గీతవారికి యాత యను పేరు కలదనియు, అది ఈత శబ్దభవమనియు చెప్పెను. ఈ ఉద్దానసీమ 1936 వరకు గంజాము జిల్లాలోనిదే. చెట్టు పేరే మనుష్యుల పేరైనదన్నమాట.

అతడు మోకును నడుమునకును మ్రానుకును చుట్టి ఎక్కుచుండగా నేను క్రింద కూర్చుండి వ్రాసికొనుచుంటిని. దారిని పోవు ఒక స్త్రీ నన్ను చూచి, "మేస్టారు పాలే తాగుతున్నారా?" అని నవ్వుచు పోయెను. తాటిచెట్టు క్రింద కూర్చుండి పాలు త్రాగినను కల్లే యందురను సామెతను ఆమె ఉద్దేశించినది. దూడగడ్డికై తాడెక్కితినన్న సామెతయు అట్టిదే. ఆలోచించి చూడుడు: ఈ సామెతలన్నియు క్రింద నిలిచి అనుమానించు వానివి. పైనున్నవాడు ఏమనునో తెలుపు సామెత మన సంకలనములందు కానరాదు. కావ్యమందలి మౌనమే లోకోక్తులందును కనబడుచున్నది.

పొంగు, పులుపు

దిగివచ్చిన కుండలో మొదట ఉన్నది తీయని నీరు. దీనినే నేడు నీరా యనుచున్నారు. ఇందు నూటికి పది మొదలు పదునైదు పాళ్లవరకు చక్కెర యుండును. కుండ లోపల సున్నము పూసినచో ఈ తీపి కొంతకాలము చెడక నిలుచును, కాచినచో తాటిబెల్లమగును. సున్నము లేనిచో, గాలిలోను కుండలోను ఉన్న ఈస్టు, బాక్టీరియాలు వెంటనే పనికి పూనుకొనును. కొన్ని గంటలలో నురుగు లేచును. చక్కెర మద్యసారముగ మారును. సాయంత్రమునకు నాలుగైదు పాళ్ల మద్యసారమేర్పడును. మరునాటికి పులుపు హెచ్చి, పిదప చుక్కకాడియగు మార్గము పట్టును. ఈ మార్పు సూక్ష్మజీవుల వ్యాపారమని లూయీ పాస్టరు 1857 మొదలుకొని చేసిన పరిశోధనలచే స్థాపించెను. 1866లో ద్రాక్షమద్యముపై ప్రత్యేకగ్రంథమును వెలువరించెను.

శాస్త్రము వేరైనను మాటల త్రోవ ఎల్లెడల ఒకటే. ఐరోపా భాషలలో ఈ క్రియకుగల పేరు లాటినున కాగుట, మరుగుట యను అర్థముగల ధాతువునుండి పుట్టినది. మన గీతకాడు "పొంగు వచ్చింది" అనును. పొయ్యి లేకయే పొంగుట చూచి రెండు జాతులవారును ఒక్క ఉపమానమునే ఎన్నుకొనిరి. సంక్రాంతినాడు పాలు పొంగించి పొంగలి వండు ఇంట, అదే పండుగకు కుండలో మరియొకటి పొంగుచుండుట కేవలము యాదృచ్ఛికము కాదు. రెండును సమృద్ధికి గుర్తులు. నురుగు పైకి, తేట నడుమకు, మడ్డి అడుగునకు పోవును; ఈ మూడు పేళ్లును అచ్చతెనుగులే. కల్లు అను మాట తమిళ, మలయాళ, కన్నడములందును కలదు. తిరుక్కురళులో కల్లు త్రాగకుండుటను గూర్చి ఒక అధికారమే కలదు. అనగా ఈ వృత్తి మన భాషలు విడిపోకపూర్వపుదని ఊహింపవచ్చును.

ఇచట ద్రాక్షమద్యమునకును కల్లునకును గల ముఖ్యభేదమును గుర్తింపవలెను. ద్రాక్ష ఏడాదికొకసారి పండును. దాని మద్యము పీపాలలో ఏండ్లకొలది నిలుచును. ఐరోపాలో నవంబరు 11వ తేదీ సెయింట్ మార్టిన్ పండుగనాడు క్రొత్తమద్యము రుచిచూచు ఆచారము పలుదేశములందు కలదు; ప్రాచీన గ్రీకులు వసంతారంభమున జాడీల మూత తెరచుటనే పండుగగ చేసికొనిరి. కావున వారి పదజాలము ఏండ్లను లెక్కించును: ఏ యేటి పంట, ఎన్నేండ్ల పాతది అని. కల్లునకు ఆయువు ఒక్కదినము. కావున మన పదజాలము పూటలను లెక్కించును: పొద్దుటి కల్లు, మాపటి కల్లు, నిన్నటి కల్లు అని. వారికి మద్యము దాచదగిన ధనము. మనకు ఆనాడే పంచుకొనవలసిన వస్తువు. కనుమ మధ్యాహ్నము ఆ పల్లెలో నేను చూచినది ఇదియే. పశువుల కొమ్ములకు రంగులద్ది, దండలు వేసి, మినపగారెలు పంచిన పిదప, చావడికడ కూర్చున్నవారికి గీతకాడు ముంతలతో పోయుచుండెను. కొందరు డబ్బిచ్చిరి, కొందరు ఇంటి గారెలిచ్చిరి, కొందరు ఏమియు నీయలేదు. "పండగ కల్లు నిలవుంచితే పులిసిపోద్ది బావూ, మనిషికి పోస్తే మాట నిలుస్తాది" అని ఆయన నాతో అనెను. నాకు ఆకుదొప్పలో తీపినీరు పోసెను. పొద్దున విన్న సామెతను మరచి త్రాగితిని.

పేరు లేని రసము

మాపటివేళ గోవా యువకుడు నన్ను తన జీడితోటకు తీసికొనిపోయెను. చెట్లు పూతపట్టుచుండెను. ఫాల్గుణ చైత్రములకు పండ్లు వచ్చును. పిక్కను త్రుంచి బస్తాలకెత్తి పలాస కాశీబుగ్గల కార్ఖానలకు పంపుదురు. ఎనుబది కిలోల బస్తా ఇచటి కొలత. పండు మాత్రము తోటలోనే రాలి కుళ్లును. పిక్క బరువుకంటె పండు బరువు ఆరు మొదలు పదిరెట్లు. నారింజకంటె విటమిన్ సి అందు అనేకరెట్లు. వగరు వలన ఎక్కువ తినలేరు, మెత్తన వలన దూరము పంపలేరు. "ఎండకాలం వస్తే తోటంతా పులిసిన వాసనే సారూ. గోవాలో ఇదే పండును తొక్కి, రసం తీసి, కాచి ఫెనీ చేస్తారు. మన దగ్గర ఈగలు తాగుతాయి" అని అతడు చెప్పెను.

గోవాలో ఆ రసమును నీరో అందురు. మొదటి మారు కాచి దింపినది ఉర్రాక్, మరల కాచినది ఫెనీ. నురుగను అర్థముగల కొంకణి మాటనుండి ఫెనీ పేరు వచ్చినది. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ చెట్టు అచటికిని మనకును పరదేశమునుండి వచ్చినదే. బ్రెజిలు దేశపు తూపీ ప్రజలు దానిని అకాజూ అనిరి. పండ్లరసమును పులియబెట్టి త్రాగిరి. పదునారవ శతాబ్దిలో పోర్చుగీసువారు దానిని భారతతీరమునకు తెచ్చిరి. తెలుగువారు దానికి తమకు తెలిసిన భల్లాతకి, అనగా చాకలివారు గుడ్డలపై గుర్తులు పెట్టు జీడిగింజ పోలికనుబట్టి జీడిమామిడి యని పేరిడిరి. నిఘంటువులందు ముంతమామిడి యను పేరును కలదు. తమిళమున ముందిరి జీడిమామిడి; కొడిముందిరి ద్రాక్ష. మలయాళమున ముందిరి యన్న ద్రాక్షయే. ద్రాక్షకు సంస్కృతమున మృద్వీక యని పేరు. ఆ శబ్దమే ముందిరికి మూలమని చెప్పుదురు. మన ముంతమామిడిలోని ముంత ఈ ముందిరికి జనులు చేసిన అర్థవంతమైన మార్పేమో యని నాకు తోచుచున్నది. అట్లైనచో ఉద్దానపు రైతు తనకు తెలియకయే ద్రాక్ష పేరును తోటలో పెంచుచున్నాడు.

ఇచట నా వాదమునకు తగిన నిదర్శనము దొరకినది. పిక్కకు మనకు మాటలున్నవి: పిక్క, పప్పు, గుండు, బద్ద, ముక్క. ఏలయన దానిపై పనియున్నది. పండురసమునకు మాట లేదు. ఏలయన దానిపై పని లేదు. అది తనంతట పులిసిన పులుపునకు గూడ పేరు లేదు. పని యున్నచోట పదము పుట్టును. పని పోయినచోట పదము పోవును. జీడిరసము పదము పుట్టని స్థితికి ఉదాహరణము. కల్లుగీత పదము పోవు స్థితికి చేరుచున్నది.

వృత్తియు రాజ్యమును

పదములు పోవుట ఎవరి దోషమును కాదు. చెట్టునుండి పడి నడుము విరిగినవారు ప్రతి పల్లెలో కలరు. ఆ గీతకాని కుమారులిరువురును దూరప్రాంతముల పనులకు పోయిరి. వారు ఎక్కనందులకు ఆయనకు విచారము లేదు. "ఆళ్లు ఎక్కొద్దనే సదివించినాను" అనెను.

ఈ వృత్తిపై రాజ్యమునకు ఎల్లప్పుడును కన్నుండెను. అబ్కారీ యను మాట పారసీకము; నీరను అర్థముగల ఆబ్ శబ్దము అందున్నది. అనగా తీయువాని మాట తెలుగు, త్రాగువాని మాట సంస్కృతము, పన్ను వసూలు చేయువాని మాట పారసీకము. మద్రాసు రాజ్యమున 1937లో సేలముజిల్లాతో మొదలైన మద్యనిషేధము 1948 నాటికి రాష్ట్రమంతట వ్యాపించెను. ఈ ఉద్దానతీరమునందలి బారువలో 1909లో జన్మించిన గౌతు లచ్చన్నగారు గీతపనివారి జీవనోపాధికై సత్యాగ్రహము నడపిరి. నిషేధవిషయమున తలయెత్తిన వివాదముననే టంగుటూరి ప్రకాశముగారి ఆంధ్రరాష్ట్ర మంత్రివర్గము 1954 నవంబరు 6న ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. ఒక మంత్రివర్గమును కదలించిన వృత్తి పదజాలము మన గ్రంథాలయములలో మూల కూడ పట్టకుండుట ఆశ్చర్యము కాదా?

మన కర్తవ్యము

ఈ పనికి మార్గము లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయ పదములను, 1971లో చేనేత పదములను మాండలిక వృత్తిపదకోశములుగ వెలువరించినది. పదమునకు అర్థము మాత్రమే కాక పనిముట్టు, పని, ప్రాంతభేదము తెలుపుట ఆ కోశముల విశిష్టత. అంతకు పూర్వమే ఈ జిల్లావాడైన గిడుగు రామమూర్తిగారు కొండలకు పోయి, సవరల నోటినుండియే సవరభాషను నేర్చి, 1931లో దాని వ్యాకరణమును ప్రకటించిరి. ఆయన ప్రశ్నావళితో మొదలిడలేదు, వినుటతో మొదలిడెను. నేను కనుమనాటి ఉదయమున చేసిన పొరపాటు ఆయన చేసియుండడు.

పరిశోధక విద్యార్థులకు నా సూచన యిది. ఒక్కరే రాష్ట్రమంతయు తిరుగనక్కరలేదు. ఒక్క గ్రామము, ఒక్క చెట్టు, ఒక్క ఋతువు ఎన్నుకొనుడు. ఉత్తరాంధ్రపు యాతలు, గోదావరి శెట్టిబలిజలు, తెలంగాణపు గౌడులు, రాయలసీమ ఈడిగలు ఒకే పనికి ఏ మాటలు వాడుదురో పోల్చి చూడుడు. తెలంగాణమున కల్లుకుండను లొట్టి యందురు. ఉద్దానపు చావడికడ నేను విన్నది ముంత. ఈ ఒక్క భేదమునకు సరిహద్దు ఎచట? దానిని గీయగలిగినచో ఒక వృత్తిచరిత్ర బయటపడును. పండుగలకు సెలవులున్నవి; పండుగనాడే వృత్తివారు తీరికగ మాటలాడుదురు, దూరముననున్న బిడ్డలును ఇంటనుందురు.

చీకటి పడువేళ నేను సెలవు తీసికొనుచుండగా గీతకాడు నా పుస్తకమును చూపించి, "ఎన్ని మాటలొచ్చినాయి?" అని అడిగెను. నలుబదికి పైగా వచ్చినవని చెప్పితిని. ఆయన కొంచెమాలోచించి, "ఇంకా తాటికత్తి పట్టనేదు కదా బావూ. మాఘమాసం రండి, మిగతావి సెప్తాను" అనెను.

మాఘమున పోయితిని. తాళ్లు కత్తికి వచ్చియుండెను. నా పుస్తకమున మరి ముప్పది మాటలు చేరినవి. ఆ పల్లెలో ఆ మాటలు తెలిసి చెట్టెక్కువారు నేడు ముగ్గురు మాత్రమే. ముగ్గురును అరువది దాటినవారే.